పేరు తెలియని అభ్యర్థులు, ఖాళీ పెట్టెలు: బ్రిటన్ పోలీస్ కమిషనర్ ఎన్నికలు ఎందుకు నిలదొక్కుకోలేదు?

క్లుప్తంగా: ఇంగ్లండ్, వేల్స్‌లో పోలీసు శాఖపై అజమాయిషీ చేసే కమిషనర్‌ను ప్రజలే ఎన్నుకునే పద్ధతి 2012లో మొదలైంది. నాలుగుసార్లు ఎన్నికలు జరిగాక, 2028 మే నాటికి ఈ పదవిని ఎత్తేస్తామని బ్రిటన్ ప్రభుత్వం 2025 నవంబర్‌లో ప్రకటించింది. జనానికి పట్టింపు లేదు కాబట్టే ఇది పడిపోయిందని చాలామంది అంటున్నారు. జరిగింది చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది. ఓటు చేతికిచ్చి, ఆ ఓటు ఎవరికి వేయాలో తేల్చుకోవడానికి కావలసిన సమాచారం ఇవ్వకపోవడమే ఇందులో అసలు లోపం.

2012 నవంబర్ 15. వేల్స్‌లోని న్యూపోర్ట్ పట్టణంలో బెట్వ్స్ అనే ప్రాంతం. పొద్దున 7 గంటలకు పోలింగ్ స్టేషన్ తలుపులు తెరిచారు. సిబ్బంది బల్లల దగ్గర కూర్చున్నారు. బ్యాలెట్ పత్రాలు సిద్ధంగా ఉన్నాయి. రాత్రి 10 గంటలకు తలుపులు మూసేదాకా ఒక్క ఓటరు కూడా రాలేదు. పదిహేను గంటల తర్వాత పెట్టె ఎలా పెట్టింది అలాగే ఉంది.

ఆ రోజు ఎన్నికలు జరిగిన ప్రాంతాలన్నింటిలో కలిపి పోలైన ఓట్లు 15 శాతం చిల్లర. స్టాఫర్డ్‌షైర్‌లో 12 శాతం కూడా దాటలేదు. స్థానిక సంస్థలను మినహాయిస్తే, శాంతికాలంలో బ్రిటన్ చూసిన ఎన్నికల్లో ఇంత తక్కువ పోలింగ్ ఎప్పుడూ లేదని ఎన్నికలను పర్యవేక్షించే ఎలక్టోరల్ కమిషన్ తేల్చింది.

పేరు కమిషనరే, ఒంటిమీద ఖాకీ ఉండదు

తెలుగు పాఠకులకు ముందుగా ఒక మాట చెప్పాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో విశాఖలోనో పోలీస్ కమిషనర్ అంటే ఐపీఎస్ అధికారి. యూనిఫాం వేసుకుని స్టేషన్లన్నింటికీ పైన ఉండే మనిషి. బ్రిటన్‌లోని ‘పోలీస్ అండ్ క్రైమ్ కమిషనర్’ అలాంటివాడు కాదు. ఎమ్మెల్యేలాగా ఓట్లతో గెలిచే ప్రజాప్రతినిధి. అసలు పోలీసు అధిపతిని అక్కడ చీఫ్ కానిస్టేబుల్ అంటారు.

కమిషనర్ చేతిలో ఉండే పనులు చిన్నవి కావు. చీఫ్ కానిస్టేబుల్‌ను నియమించేది, అవసరమైతే తప్పించేది ఆయనే. పోలీసు బడ్జెట్ ఆయన చేతిలోనే ఉంటుంది. ఏ నేరాల మీద ముందు దృష్టి పెట్టాలో చెప్పే ప్రణాళిక ఆయనే రాస్తాడు. గృహహింస బాధితులకు సాయం చేసే సంస్థలకు నిధులిస్తాడు. కానీ ఫలానా వాణ్ణి అరెస్టు చేయండి, ఫలానా కేసు వదిలేయండి అని చెప్పే అధికారం మాత్రం ఆయనకు లేదు. రోజువారీ పోలీసు పని పూర్తిగా చీఫ్ కానిస్టేబుల్‌దే.

ఈ గీత ఓటరుకు అర్థమయ్యేలా చెప్పినవాళ్లు తక్కువ. ఇంట్లో దొంగలు పడ్డారు, ఎవరూ రాలేదు. దానికి కమిషనర్‌ను అడగాలా, చీఫ్ కానిస్టేబుల్‌ను అడగాలా? సామాన్యుడికి ఇప్పటికీ తెలియదు. ఎవరి పని ఏమిటో తెలియనప్పుడు, ఆ పని బాగా చేశాడా లేదా అని తీర్పు చెప్పడం ఎవరికైనా కష్టమే.

చాలా ఇళ్లలో ఈ పదవి పేరు కనబడేది ఏడాదికి ఒక్కసారి, కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు మీద. మన ఇంటిపన్ను లాంటి ఆ బిల్లులో కౌన్సిల్ వాటా ఒక వరుసలో, పోలీస్ కమిషనర్ వాటా వేరే వరుసలో ఉంటాయి. 2025-26లో మధ్యస్థాయి ఇంటి మీద ఈ వాటాను ఏడాదికి 14 పౌండ్ల దాకా పెంచుకునే వెసులుబాటు కమిషనర్లకు ఇచ్చారు. జేబులోంచి డబ్బు తీసుకునే మనిషి పేరు బిల్లులో ఉంది కానీ, ఆ మనిషి ఎవరో, ఆయన్ను ఎప్పుడు ఎన్నుకున్నారో బిల్లు కట్టేవాళ్లలో ఎక్కువమంది చెప్పలేరు. పదవి రద్దును ప్రకటిస్తూ ప్రభుత్వమే ఈ సంగతి ఒప్పుకుంది. తమ కమిషనర్ పేరు చెప్పగలిగినవాళ్లు 20 శాతం లోపేనని, ప్రతి ఐదుగురిలో ఇద్దరికి అసలు అలాంటి పదవి ఉందనే తెలియదని చెప్పింది.

ఈ పదవి ఎందుకు పుట్టింది?

2012కు ముందు ఒక్కో పోలీసు ప్రాంతానికి ‘పోలీస్ అథారిటీ’ అనే కమిటీ ఉండేది. కౌన్సిలర్లు, స్వతంత్ర సభ్యులు కలిసి సాధారణంగా 17 మంది దాకా ఉండేవారు. వీళ్లెవరో జనానికి తెలియదు, వీళ్లను జనం దించలేరు అన్నది అప్పటి విమర్శ. డేవిడ్ కామెరాన్ ప్రభుత్వంలో థెరిసా మే హోం మంత్రిగా ఉన్నప్పుడు 2011లో చట్టం తెచ్చారు. లండన్‌ను వదిలేసి 41 పోలీసు ప్రాంతాలకు ఒక్కొక్క కమిషనర్‌ను ఎన్నుకోవాలన్నారు. లండన్‌లో ఆ బాధ్యత మేయర్‌ది. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లకు ఈ పద్ధతి వర్తించదు.

ఆలోచనలో తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు. పోలీసులకు జవాబుదారీతనం ఉండాలి, ఆ జవాబు చెప్పాల్సింది ఓటరుకే. అయితే ఎన్నిక అంటే తేదీ, పెట్టె, లెక్కింపు మాత్రమే కాదు. బరిలో ఎవరున్నారో, ఏం చేస్తామంటున్నారో ఓటరుకు ముందే తెలియడం కూడా ఎన్నికలో భాగం. దాన్ని పక్కన పెట్టేశారు.

ఓటరు చేతికి ఏమీ అందలేదు

బ్రిటన్‌లో పార్లమెంటు ఎన్నికలప్పుడు ప్రతి అభ్యర్థికీ ఒక సౌకర్యం ఉంది. నియోజకవర్గంలో ఓటర్లకు ఒక కరపత్రాన్ని తపాలా ఖర్చు లేకుండా పంపుకోవచ్చు. డబ్బు లేని అభ్యర్థి మాట కూడా గుమ్మం దాకా వెళ్తుంది. మేయర్ ఎన్నికలు జరిగే చోట అభ్యర్థుల ప్రకటనలను ఒకే చిన్న పుస్తకంగా అచ్చేసి పంచుతారు. పోలీస్ కమిషనర్ ఎన్నికలకు ఈ రెండూ లేవు.

కావాలనే ఇవ్వలేదు. ఖర్చవుతుందని హోం శాఖ నిరాకరించింది. దానికి బదులు ఒక వెబ్‌సైట్ పెట్టి, అభ్యర్థుల వివరాలు అందులో చూసుకోమంది. ఇంటర్నెట్ లేనివాళ్లు ఫోన్ చేస్తే అచ్చు కాగితం పంపుతామంది. అప్పటికి బ్రిటన్‌లో జీవితంలో ఒక్కసారీ ఇంటర్నెట్ వాడనివాళ్లు 70 లక్షలకు పైగా ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది పెద్ద వయసువాళ్లు. మామూలుగా ఓటు మానకుండా వేసేది కూడా వాళ్లే. ఇది సరిపోదని ఎలక్టోరల్ కమిషన్ ముందే హెచ్చరించింది. కమిషన్ తన వంతుగా ఇంటింటికీ ఒక పుస్తకం పంపింది కానీ, అందులో ఓటు ఎలా వేయాలో ఉంది. ఎవరు నిలబడ్డారో లేదు.

మరి అభ్యర్థులే పంచుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఇక్కడ లెక్క చూడాలి. బ్రిటన్‌లో ఒక ఎంపీ నియోజకవర్గంలో సుమారు 70 వేల మంది ఓటర్లుంటారు. కమిషనర్ పరిధి దానికి ఎన్నో రెట్లు. రీడింగ్, స్లౌ, ఆక్స్‌ఫర్డ్, మిల్టన్ కీన్స్ అన్నీ కలిసిన థేమ్స్ వ్యాలీలో 20 లక్షలకు పైగా జనం ఉన్నారు. బర్మింగ్‌హామ్ ఉన్న వెస్ట్ మిడ్‌లాండ్స్‌లో 25 లక్షలు దాటతారు. పది లక్షల ఇళ్లకు ఒక్కొక్క కరపత్రం పంపాలంటే, ఒక్కోదానికి 10 పెన్నీలే పడినా లక్ష పౌండ్లు కావాలి. పార్టీ అండ లేని రిటైర్డ్ పోలీసు అధికారో, బాధితుల కోసం పనిచేసే కార్యకర్తో అంత డబ్బు ఎక్కడ తెస్తారు? దానికి తోడు డిపాజిట్ 5,000 పౌండ్లు. పార్లమెంటుకు పోటీ చేసేవారికి అది 500 పౌండ్లే.

తేదీ కూడా కలిసిరాలేదు. మొదట 2012 మేలో స్థానిక ఎన్నికలతో కలిపి జరపాలనుకున్నారు. సంకీర్ణ ప్రభుత్వంలో పార్టీల మధ్య కుదిరిన ఒప్పందంతో నవంబర్‌కు జరిపారు. చలి, సాయంత్రం నాలుగు దాటితే చీకటి, చాలాచోట్ల వేరే ఏ ఎన్నికా లేని రోజు. లండన్ పోలీసు మాజీ అధిపతి ఇయాన్ బ్లెయిర్ అయితే జనం ఓటు వేయకపోతేనే మంచిదని బాహాటంగా అన్నారు. పదవి మీద పెద్దలకే ఏకాభిప్రాయం లేదన్న సంకేతం కూడా ఓటరుకు వెళ్లింది.

తర్వాతి ఎన్నికల్లో పోలింగ్ పెరిగింది. 2016లో సుమారు 27 శాతం, 2021లో దాదాపు మూడో వంతు. సంబరపడే ముందు కారణం చూడాలి. రెండుసార్లూ అదే రోజు వేరే ఎన్నికలు ఉన్నాయి. 2016లో వేల్స్ అసెంబ్లీకి కూడా ఓటింగ్ జరిగింది కాబట్టి అక్కడ 40 శాతం దాటింది. అసెంబ్లీకి ఓటు వేయడానికి వచ్చినవాళ్ల చేతిలో ఈ రెండో కాగితమూ పెట్టారు. 2024 మేలో అంకె మళ్లీ జారి నాలుగో వంతుకు కూడా చేరలేదు. కమిషనర్ ఎన్నిక ఒక్కటే జరిగిన సందర్భం కావాలంటే 2014 ఆగస్టు నాటి వెస్ట్ మిడ్‌లాండ్స్ ఉప ఎన్నిక ఉంది. అక్కడ పోలైంది 10 శాతం పైచిలుకు మాత్రమే.

తెలియనప్పుడు పార్టీ పేరే దిక్కు

సమాచారం లేని ఓటరు మూడు పనుల్లో ఒకటి చేస్తాడు. ఇంట్లో ఉండిపోతాడు, లేదా కాగితం మీద తన చిరాకు రాసి పెట్టెలో వేస్తాడు, లేదా తెలిసిన పార్టీ పేరు పక్కన గుర్తు పెట్టి వస్తాడు. ఈ మూడూ ఇక్కడ జరిగాయి.

2012లో దాదాపు 3 శాతం ఓట్లు చెల్లలేదు. మామూలు ఎన్నికలతో పోలిస్తే అది ఎక్కువ. కొంత తప్పు ఓటింగ్ పద్ధతిది. అప్పట్లో మొదటి ఇష్టం, రెండో ఇష్టం అని రెండు నిలువు వరుసలుండేవి. చాలామందికి అది కొత్త. కొందరు మాత్రం తెలిసే చెల్లకుండా చేశారు. అభ్యర్థుల గురించి ఏమీ చెప్పకుండా ఓటు అడగడమేమిటని బ్యాలెట్ మీదే రాశారు. ఇంటినుంచి బయల్దేరి, వరుసలో నిలబడి, కాగితం తీసుకుని మరీ ఆ మాట రాసినవాళ్లను పట్టింపు లేనివాళ్లు అనడం న్యాయం కాదు.

పార్టీ పేరు సంగతికి వస్తే అంకెలే చెబుతాయి. 2012లో 41 మందిలో 12 మంది స్వతంత్రులు గెలిచారు. పోలీసు శాఖలోకి పార్టీ రాజకీయం రాకూడదన్న భావన అప్పుడు బలంగా ఉంది. కొన్నిచోట్ల ఈ బాధ్యత మేయర్లకు వెళ్లడంతో కమిషనర్ల సంఖ్య తర్వాత కాస్త తగ్గుతూ వచ్చింది. 2016లో 40 మందిలో స్వతంత్రులు ముగ్గురే. 2021లో ఒక్కరూ లేరు. 2024లో 37 మందిలో కన్సర్వేటివ్‌లు 19, లేబర్ 17, మిగిలిన ఒక్కరు వేల్స్ పార్టీ ప్లైడ్ కమ్రీ. వ్యక్తి గురించి తెలుసుకునే దారి లేనప్పుడు పార్టీ పేరు ఒక్కటే ఆధారమవుతుంది. 2022 చట్టంతో రెండో ఇష్టం పద్ధతినీ తీసేసి, ఎక్కువ ఓట్లు వచ్చినవారిదే గెలుపు అన్నారు. దాంతో పార్టీలేని మనిషికి ఉన్న చిన్న సందు కూడా మూసుకుపోయింది. ఆ రెండో ఇష్టం ఎంత పనిచేసేదో 2012లో హంబర్‌సైడ్ చూపించింది. మాజీ ఉప ప్రధాని జాన్ ప్రెస్కాట్ అక్కడ మొదటి ఇష్టం ఓట్లలో ముందున్నా, రెండో ఇష్టం లెక్కలో ఓడిపోయారు.

ముందే తెలిసి ఉంటే...

సౌత్ యార్క్‌షైర్ ఉదంతం దగ్గర కాస్త ఆగాలి. రోథర్‌హామ్ పట్టణంలో 1997 నుంచి 2013 మధ్య సుమారు 1,400 మంది పిల్లలు లైంగిక దోపిడీకి గురయ్యారని 2014 ఆగస్టులో ఒక విచారణ నివేదిక బయటపెట్టింది. పోలీసులు, కౌన్సిల్ ఇద్దరూ ఆ పిల్లల గోడు పట్టించుకోలేదని చెప్పింది. అప్పటి కమిషనర్ షాన్ రైట్ అంతకుముందు అదే కౌన్సిల్‌లో 2005 నుంచి 2010 దాకా పిల్లల సేవల బాధ్యత చూసిన నాయకుడు. ప్రధాని, హోం మంత్రి, సొంత పార్టీ అందరూ దిగిపొమ్మన్నారు. దాదాపు మూడు వారాలు ఆయన కదల్లేదు. కదిలించే అధికారం ఎవరికీ లేదు. పర్యవేక్షణకు పెట్టిన పోలీస్ అండ్ క్రైమ్ ప్యానెల్‌కు ప్రశ్నించే హక్కు ఉంది, తొలగించే హక్కు లేదు. ఓటర్లకు వెనక్కి పిలిచే హక్కూ లేదు. చివరికి సెప్టెంబర్‌లో తనంతట తానే రాజీనామా చేశారు.

పదవి పోవాలని ఊరంతా కోరిన ఆ కోపం ఉప ఎన్నికలో ఓట్లుగా మారాలి కదా? అక్టోబర్ 30న పోలైంది 15 శాతం లోపు. సమాచారం ఒక్కటే సమస్య అనుకునేవారికి ఇది గట్టి ప్రశ్న. ఏం జరిగిందో సౌత్ యార్క్‌షైర్‌లో అందరికీ తెలుసు. కానీ కొత్తగా వచ్చే కమిషనర్ దాన్ని ఎలా సరిచేయగలడో, ఆయన చేతిలో ఏముందో, నిలబడినవాళ్లలో ఎవరు ఏం చేస్తారో తెలియలేదు. సమస్య తెలియడం వేరు, తన ఓటు ఆ సమస్యను ఎక్కడ తాకుతుందో తెలియడం వేరు. రెండోది లేకపోతే మొదటిది నిస్పృహగానే మిగిలిపోతుంది.

విల్ట్‌షైర్‌ది ఇంకో రకం. 2021 మేలో అక్కడ గెలిచిన కన్సర్వేటివ్ అభ్యర్థి పదవిలోకి రాలేకపోయారు. ఎప్పుడో మూడు దశాబ్దాల కిందట తాగి వాహనం నడిపిన కేసులో ఆయనకు శిక్ష పడింది. జైలుశిక్షకు వీలున్న నేరంలో ఒక్కసారి దోషిగా తేలినా, జైలుకు వెళ్లకపోయినా, ఈ పదవికి జీవితాంతం అనర్హులు. ఆ సంగతి పోలింగ్ అయిపోయాక, లెక్కింపు వేళకు బయటపడింది. ఆగస్టులో మళ్లీ ఎన్నిక పెట్టాల్సి వచ్చింది. పది లక్షల పౌండ్లకు పైగా ప్రజాధనం రెండోసారి ఖర్చయింది. రెండోసారి వచ్చిన ఓటర్లు మొదటిసారికంటే బాగా తగ్గారు.

మన అఫిడవిట్, వాళ్ల వెబ్‌సైట్

విల్ట్‌షైర్ లాంటిది భారత్‌లో జరగడం కష్టమే. పోటీ చేసేవారి కేసులు, ఆస్తులు, చదువు తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. అప్పటినుంచి నామినేషన్‌తో పాటు అఫిడవిట్ తప్పనిసరి. పాత శిక్ష ఉంటే అందులో రాయాలి, దాచితే అదే ఇంకో నేరం. అఫిడవిట్ అన్నీ చెబుతుందని కాదు. గెలిచాక ఏం చేస్తారో అందులో ఉండదు. కనీసం మనిషి గతమైనా ఓటుకు ముందే కాగితం మీదకు వస్తుంది.

పోలీసుల అజమాయిషీలో మాత్రం మన దారి పూర్తిగా వేరు. సీపీని, ఎస్పీని వేసేది, మార్చేది రాష్ట్ర ప్రభుత్వమే. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్ర భద్రతా కమిషన్లు, పోలీసుల మీద ఫిర్యాదులు వినే అథారిటీలు పెట్టమని ఆదేశించింది. అవి నియామకంతో వచ్చే సంస్థలు, వాటికి ఎన్నిక లేదు. ఎన్నికతోనే పోలీసులను జవాబుదారీ చేయాలని మన దగ్గర అడిగేవాళ్లు బ్రిటన్ అనుభవాన్ని ముందు చదవడం మంచిది.

తెలుగువాళ్లకు ఇందులో నేరుగా సంబంధమూ ఉంది. కామన్‌వెల్త్ దేశాల పౌరులు బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసిస్తూ ఓటర్ల జాబితాలో పేరు నమోదు చేసుకుంటే ఈ ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. బ్రిటిష్ పౌరసత్వం అక్కర్లేదు. అంటే బర్మింగ్‌హామ్‌లో మాస్టర్స్ చేస్తున్న గుంటూరు విద్యార్థికి, రీడింగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న వరంగల్ కుటుంబానికి కూడా కమిషనర్‌ను ఎన్నుకునే హక్కు ఉంది. ఓటుకు ఫొటో గుర్తింపు కార్డు తప్పనిసరి అయ్యాక కూడా భారత పాస్‌పోర్ట్ చెల్లుతుంది. రాత్రి షిఫ్టు ముగించుకుని ఒంటరిగా బస్సు దిగే విద్యార్థికి పోలీసు గస్తీ ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. అయితే మన ఊళ్లో వార్డు మెంబర్ ఎన్నికైనా మైకు పెట్టిన ఆటో తిరుగుతుంది, అభ్యర్థి గుమ్మం దాకా వచ్చి దండం పెడతాడు. అక్కడ తపాలాలో పోలింగ్ కార్డు వస్తుంది, ఆ తర్వాత ఎవరూ రారు. పూర్తిస్థాయి విద్యార్థులకు కౌన్సిల్ ట్యాక్స్ మినహాయింపు ఉంటుంది కాబట్టి, బిల్లు మీద ఆ పేరు చూసే అవకాశమూ వాళ్లలో చాలామందికి లేదు.

2028 తర్వాత ఏం వస్తుంది?

ప్రకటన ప్రకారం ప్రస్తుత కమిషనర్లు 2028 మే దాకా ఉంటారు. ఆ తర్వాత ప్రాంతీయ మేయర్ ఉన్నచోట బాధ్యత మేయర్‌కు వెళ్తుంది. గ్రేటర్ మాంచెస్టర్‌లో 2017 నుంచి, వెస్ట్ యార్క్‌షైర్‌లో 2021 నుంచి ఇప్పటికే అలా నడుస్తోంది. మేయర్ లేనిచోట కౌన్సిల్ నాయకులతో కూడిన బోర్డులు వస్తాయి. వేల్స్‌కు వేరే ఏర్పాటు చేస్తారు. ఈ మార్పుతో ప్రస్తుత పార్లమెంటు కాలంలో 10 కోట్ల పౌండ్లు మిగులుతాయని ప్రభుత్వ అంచనా.

మేయర్ పద్ధతికి ఒక మేలు ఉంది. 2017లో గ్రేటర్ మాంచెస్టర్ మేయర్‌గా గెలిచిన ఆండీ బర్నమ్ పేరు అక్కడ తెలియనివారు తక్కువ. అభ్యర్థుల ప్రకటనల పుస్తకమూ ఇంటికొస్తుంది. నష్టమూ ఉంది. మేయర్‌కు బస్సులు, ఇళ్లు, ఉద్యోగాలు, పోలీసులు అన్నీ ఒకే ఓటులో ఉంటాయి. బస్సులు బాగా నడిపి పోలీసులను గాలికొదిలేసిన మేయర్‌ను ఓటరు ఎలా శిక్షించాలి? లండన్‌లో ఈ ఇబ్బంది ఇదివరకే ఉంది. పైగా అక్కడ ఆ పుస్తకంలో చోటు కావాలంటే అభ్యర్థి డిపాజిట్ కాకుండా ఇంకో 10,000 పౌండ్లు కట్టాలి.

బోర్డుల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. కౌన్సిలర్లతో నిండిన, జనం నేరుగా ఎన్నుకోని కమిటీ అంటే 2012లో రద్దు చేసిన పోలీస్ అథారిటీకి చాలా దగ్గరి రూపం. పేరెవరికీ తెలియదన్న ఫిర్యాదుతోనే దాన్ని తీసేసి ఈ పదవి తెచ్చారు. బోర్డు సమావేశాలు ఎప్పుడు, ఎవరు ఏ నిర్ణయానికి చేయెత్తారు, పోలీసు వాటా ఎంత పెంచారు అన్నవి కౌన్సిల్ ట్యాక్స్ బిల్లుతో పాటు ఒక కాగితం మీద అచ్చేసి పంపాలన్న నిబంధన కొత్త చట్టంలో పెట్టవచ్చు. ఆ కవరు ఎలాగూ పన్ను కట్టే ప్రతి ఇంటికీ వెళ్తోంది.